వంటింటి గుమాస్తా

మా అత్తయ్య గుసగుసగా ఒక రహస్యం చెబితే, వీధి మలుపులో కిరాణా కొట్టాయన "అవునా అమ్మా" అనేవాడు. కోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడ నన్ను కాఫీ తాగుతావా అని అడిగితే, కేకలేస్తోందనుకుని ఏడ్చినంత పని చేశాను. తర్వాత అలవాటైపోయింది. ఆవిడ గొంతే అంత అనుకున్నాం, అందరం. ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా ఆవిడ నోట ఇంకోసారి వినాల్సిందే. మా ఆయన టీ అడిగితే "వీడికి టీ కావాలట" అనేది. నేను ఎండ మండిపోతోందంటే "ఎండ మండిపోతోందట" అనేది. చాటింపు వెయ్యడానికి మనిషిని పెట్టుకోనక్కర్లేని ఇల్లు మాది.

అలాంటి అత్తయ్య ఆ ఎండాకాలం మా ఆడపడుచు కాన్పుకు వెళ్లింది. వానలు పడేదాకా రానంది. రైలు కదులుతుంటే కిటికీలోంచి చెప్పిన జాగ్రత్తలు ప్లాట్‌ఫారం మీదున్న వాళ్లందరికీ కంఠతా వచ్చి ఉంటాయి. గ్యాసు కట్టెయ్యడం మర్చిపోవద్దంది. మామయ్య బీపీ మాత్ర వేసుకున్నారో లేదో చూడమంది. ఆఖర్న నాకేసి వేలు చూపించి, తను తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లులాగే ఉండాలంది.

ఆవిడ భయం ఆవిడది. నాకు గాడ్జెట్ల పిచ్చి. సాఫ్ట్‌వేర్ తయారయ్యాక అందులో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంట్లోనే కూర్చుని చేస్తాను. తప్పులు పట్టడానికి జీతం కూడా ఇస్తారా అని మా ఆయన పెళ్లిచూపుల్లోనే ఆశ్చర్యపోయాడు. ఆయన మందుల షాపులో పని చేస్తాడు. పాత టార్చిలైటును తప్ప దేన్నీ నమ్మడు. అత్తయ్య ఉన్నన్నాళ్లూ కొత్త వస్తువు ఏది తెచ్చినా "ఇది ఇల్లా, కొట్టా?" అనే ప్రశ్న గుమ్మంలోనే ఎదురయ్యేది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. ఇక ఆడింది ఆట, పాడింది పాట.

పిలిస్తే పలికే స్పీకరు ఒకటి హాల్లోకి వచ్చింది. పాటలు పెడుతుంది, వాన వస్తుందా అంటే చెబుతుంది, మనం కసురుకున్నా మర్యాదగా మాట్లాడుతుంది. తనంతట తానే ఇల్లు ఊడ్చే గుండ్రటి యంత్రం ఒకటి వచ్చింది. మంచాల కిందకీ బీరువాల కిందకీ దూరుతుందని మా ఆయన దానికి బొద్దింక అని పేరు పెట్టాడు. మనిషి కదిలితే వెలిగి, కదలకపోతే ఆరిపోయే లైట్లు పెట్టించాను. ఇక్కడే కాస్త తేడా కొట్టింది. మా మామయ్య పేపరు చదవడానికి కూర్చుంటే కనురెప్ప తప్ప ఏమీ కదలదు. లైటు ఆరిపోయేది. ఆయన పల్లెత్తు మాట అనకుండా చెయ్యి పైకెత్తి గాలిలో ఒకసారి ఊపేవారు. వెలిగేది. రెండు పేరాలు చదివేలోపు మళ్లీ ఆరేది, మళ్లీ ఊపేవారు. ఎవరికో వీడ్కోలు చెబుతున్నట్టు రోజూ సాయంత్రం అదే వరస.

ఆయన అసలే మితభాషి. అత్తయ్య వెళ్లాక ఆ కాస్త మాటా పోయింది. టీ ఇవ్వనా మామయ్యా అని వంటింట్లోంచి అడిగితే జవాబుండేది కాదు. బొద్దింక కూతపెట్టుకుంటూ వెనక నుంచి వస్తున్నా పక్కకు జరిగేవారు కాదు. అది మడమకు తగిలాక ఉలిక్కిపడి దానికేసీ నాకేసీ చూసేవారు. అత్తయ్య ఫోను చేస్తే "ఆ, ఆ, సరే" అని గబగబా నా చేతికిచ్చేసేవారు. అమ్మ లేదని నాన్నకు బెంగ అన్నాడు మా ఆయన. నాకు మాత్రం అది బెంగలా కాదు, కోపంలా కనిపించింది. అడ్డమైన సామాను ఇంట్లోకి తెచ్చిందని నా మీద మౌనవ్రతం పట్టారనుకున్నాను. పట్టుకుంటే పట్టుకోనీ, నేనేం తప్పు చేశానని నాకూ రోషం వచ్చింది.

మామయ్యకు కుట్టుమిషన్లు బాగుచేసే షాపుంది, మా ఇంటికి రెండు వీధుల అవతల. ఒక గది, ఒక బల్ల, గోడ నిండా బెల్టులూ చక్రాలూ సూదుల పెట్టెలూ. ఆయన పని చేసే తీరు వేరు. మిషను తేగానే విప్పరు. చెవి దానికి ఆనించి, కళ్లు మూసుకుని, చక్రం మెల్లగా తిప్పుతారు. డాక్టరు నాడి చూసినట్టే. తర్వాత జబ్బు ఎక్కడుందో అక్కడే విప్పుతారు, ఇంకో మర ముట్టుకోరు. ఆ చెవి పేరు మీదే షాపు నడిచింది, ఆ షాపు మీదే ఇల్లు నడిచింది.

ఒక మధ్యాహ్నం నేను క్యారియర్ తీసుకెళ్లేసరికి స్కూలు యూనిఫారాలు కుట్టే ఆవిడ బల్ల ముందు నిలబడి ఉంది. బాగుచేసి ఇచ్చిన మిషనే మళ్లీ తెచ్చిందట. స్కూళ్లు తెరిచే రోజులు దగ్గర పడుతున్నాయి, ఇంట్లో గుడ్డ గుట్టలుగా ఉందని చెబుతూ ఆవిడే చక్రం తిప్పింది. లోపల ఎక్కడో టకటకమని కొట్టుకుంటోంది. కుట్టుమిషన్ అంటే ఓనమాలు తెలియని నాకే వినబడింది. మామయ్య వంగి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. ఏమీ లేదమ్మా, బాగానే తిరుగుతోంది అన్నారు. ఆవిడ ఆయన్ని చూసి, నన్ను చూసి, మిషను రిక్షాలో వేయించుకుని వెళ్లిపోయింది. పెద్దాయనకు మొండితనం ఎక్కువైందనుకున్నాను.

ఆ రోజు భోజనాల దగ్గర మామయ్య ఒక్క మాట చెప్పారు. పక్కనున్న బట్టల షాపాయన గోడౌను కోసం గది అడుగుతున్నాడట, వానాకాలం మొదలుకాగానే ఇచ్చేస్తారట. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎందుకు నాన్నా అని రెండుసార్లు అడిగాడు. చేతనైనన్నాళ్లు చేశానులే అని మామయ్య లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆ గదిలో బల్ల కింద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాడు మా ఆయన. ఆ పూట మళ్లీ అన్నం ముట్టలేదు. అమ్మతో చెబుదామా అని అడిగి, పసిబిడ్డతో సతమతమవుతోంది ఇప్పుడెందుకులే అని తనే సర్దుకున్నాడు.

గుమాస్తా మా ఇంటికి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. దాని కథ వేరు. మా ఆయనకు ఒక ఊతపదం ఉంది, "నాకు చెప్పలేదే" అని. కరెంటు బిల్లు కట్టమని పొద్దున చెబుతాను, సాయంత్రం నాకు చెప్పలేదే అంటాడు. అమాయకంగా మొహం పెడితే నాకే అనుమానం వస్తుంది, చెప్పానా లేదా అని. దీనికి మందు కనిపెట్టాలని పట్టుబట్టి, మూలన పడున్న పాత టాబ్లెట్ ఒకటి తీశాను. ఉచితంగా దొరికే రెండు మూడు యాప్‌లను అతికించి, కిందామీదా పడి, వంటింట్లో ఎవరు ఏం మాట్లాడినా పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసేలా చేశాను. బల్లకు ఎదురుగా గోడకు తగిలించాను. ఇక "చెప్పలేదే" అంటే వేలు పెట్టి చూపిస్తానన్నమాట. ఇదెక్కడి గుమాస్తావే బాబూ అని మా ఆయన తల పట్టుకున్నాడు. పేరు అదే స్థిరపడిపోయింది.

అంత గొప్ప పనిమంతుడేం కాదు. మిక్సీ వేస్తే ఆ మోతను కూడా మాటలనుకుని తంటాలు పడేవాడు. కానీ ఆవులింతల దగ్గర్నుంచీ అన్నీ రాసే ఓపిక ఉంది. రెండో రోజుకే మా ఆయన వంటింట్లోకి రావాలంటే భయపడి, పాలు తెస్తాననే మాట కూడా వరండాలో నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు.

వింత ఏమిటంటే, మామయ్య మారిపోయారు. ఎప్పుడూ హాల్లో పేపరు పట్టుకుని లైటుకు చెయ్యి ఊపే మనిషి, వంటింట్లో బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. కూరలు తరిగిపెట్టేవారు. అడిగినదానికి జవాబు చెప్పేవారు. ఆఫీసులో నా పైఅధికారిణి మీద నేను చాడీలు చెబుతుంటే మధ్యలో చిన్న చిన్న చమత్కారాలు కూడా విసిరేవారు. ఆవిడను ఒకసారి మన షాపుకు తీసుకురామ్మా, నోటి దగ్గర మర బిగిస్తాను అన్నారొకసారి. నేను పడీ పడీ నవ్వాను. చూశావా, మీ నాన్నకు కూడా నా వస్తువులు నచ్చేశాయని మా ఆయన దగ్గర కాలరెగరేశాను. మరి షాపెందుకు ఇచ్చేస్తున్నట్టు అన్నాడాయన.

నూనె చిట్లి గుమాస్తా మొహాన పడుతోందని ఒకరోజు దాన్ని తీసి, ఫ్రిజ్ పక్క గోడకు మార్చాను. సాయంత్రం మామయ్య వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా ఖాళీ గోడను చూశారు. చుట్టూ చూశారు. దాన్ని కనిపెట్టి, లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి నీళ్ల డ్రమ్ముకూ తలుపుకూ మధ్య ఇరుకులో వేసుకుని కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ల మోకాళ్లు తగిలే చోటది. గాలి రాదు, ఇటు రండి మామయ్యా అన్నాను. అక్కడే బాగుందన్నారు.

మా ఆయన అప్పుడే వచ్చి, షాపులో జరిగింది చెబుతున్నాడు. ఒకాయన దగ్గు మందు సీసా ఖాళీ చేసి తెచ్చి, దగ్గు తగ్గలేదు, డబ్బులు వాపసు ఇమ్మన్నాడట. సరే ఏదీ దగ్గండి అన్నాడట మా ఆయన. పాపం, అంతమందిలో నిలబడి ఎంత గింజుకున్నా దగ్గు రాలేదట. నేను నవ్వాను. చెప్పినవాడు నాకంటే ఎక్కువ నవ్వాడు. మామయ్య కూడా నవ్వారు, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. గుమాస్తా అక్షరాలు పడటం కూడా అంతే ఆలస్యం.

నా చేతిలో గరిటె ఆగింది. మా ఆయన ఇంకో కథ ఎత్తుకున్నాడు, నేను వినలేదు. మామయ్య కళ్లనే చూస్తున్నాను. అవి కొడుకు మొహం మీద లేవు, గోడ మీద ఎడమ నుంచి కుడికి కదులుతున్నాయి. మడమకు తగిలిన బొద్దింకా, చేతులు మారిన ఫోనూ, యూనిఫారాలావిడ తిప్పిన చక్రమూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. తప్పులు పట్టడమే నా ఉద్యోగమని గొప్పలు పోయే నేను, కళ్లెదుట ఉన్నదాన్ని నెల పైగా పట్టుకోలేకపోయాను. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదకు నెట్టేశాను.

మా ఆయనకు చెప్పలేదు. చెబితే నిలువున నీరైపోయి, ఆ నిమిషమే వెళ్లి తండ్రి చేతులు పట్టుకుంటాడు. ఇన్నాళ్లు పంటిబిగువున దాచుకున్న మనిషికి అది ఎంత కష్టంగా ఉంటుందో అనిపించింది. మర్నాడు మధ్యాహ్నం మామయ్య భోజనం చేసి, ఇరుకులో తన కుర్చీలో కూర్చున్నారు. ఇంట్లో మేమిద్దరమే. నేను ఆయనకు వీపు పెట్టి గిన్నెలు కడుగుతున్నాను. కుళాయి కట్టేశాను, నీళ్ల చప్పుడులో గుమాస్తాకు సరిగా వినబడదని.

"మామయ్యా, మీకు వినబడటం లేదు కదూ. నేనెవరికీ చెప్పలేదు. మీరు చెప్పమంటేనే చెబుతాను."

వెనక్కి తిరగలేదు. అక్షరాలు పడటానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. కడిగిన గిన్నెనే మళ్లీ తుడిచాను.

"అందరూ నవ్వుతారు" అన్నారు చివరికి. "ఎందుకో తెలీదు. నేనూ నవ్వేసేవాణ్ణి. ఇది గోడ మీదికొచ్చాకే, ఎందుకు నవ్వుతున్నానో తెలిసి నవ్వుతున్నాను."

నేను ఇంకా తిరగలేదు. డాక్టరు దగ్గరకు వెళదాం, చెవికి పెట్టుకునే మిషన్లున్నాయి, కంటికి ఆననంత చిన్నవి అని ఎదురుగా ఉన్న గోడకు చెప్పాను. అవి పెట్టుకుంటే ఊరంతా చాటింపు వేసినట్టే అన్నారు. చెవిటివాడి దగ్గరికి మిషను ఎవరు తెస్తారమ్మా, పరువుండగానే తాళం వేసుకోవడం మేలు కదా అన్నారు. షాపు ఇచ్చెయ్యడానికి కారణం అదన్నమాట. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"కళ్లజోడు పెట్టుకున్నాడని దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకోవడం ఎవరైనా మానేశారా మామయ్యా?"

గిన్నెలన్నీ అయిపోయాయి. ఇక చేతిలో పని లేక తిరిగాను. మామయ్య గుమాస్తానే చూస్తున్నారు, నా ఆఖరి మాట ఇంకా అక్కడే ఉంది. తర్వాత నాకేసి చూసి, గొంతు తగ్గించి, నిన్ను ఒకటి అడగాలి, ఏమీ అనుకోకు అన్నారు.

"హాల్లో నువ్వు ఎవరితో మాట్లాడుతుంటావమ్మా?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నేల మీద కూలబడ్డాను. స్పీకరుకు గొంతుందని ఆయనకు తెలియదు. రోజూ కోడలు ఖాళీ గోడ వైపు తిరిగి రేపు వానొస్తుందా అని అడుగుతోంది, కాసేపాగి సరేనంటోంది, ఒక్కోసారి తిడుతోంది కూడా. మా వాడితో చెప్పాలా వద్దా, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగాల్లో ఇలాగే అవుతుందేమో అని ఆయన ఒక్కరే కుమిలిపోయారట. అత్తయ్యకు ఫోనులో చెబుదామంటే, ఆవిడ అడిగేది తనకు వినబడదాయె. ఆయన నా గురించి, నేను ఆయన గురించి. ఇద్దరం ఆ వంటింట్లో కళ్లు తుడుచుకునేదాకా నవ్వాం. ఆ నవ్వులో ఆలస్యం లేదు. నవ్వు చల్లారాక, రేపు డాక్టరు దగ్గరికి నువ్వొక్కదానివే రా అన్నారు. ఆ మధ్యాహ్నం మాటలన్నీ గుమాస్తా మొహం మీంచి చెరిపేశాను.

చెవి మిషన్లు వచ్చిన రోజు చూడాలి మా ఇంటి సంబరం. పేపరు మడత విప్పితే ఇంత చప్పుడా అన్నారు. తన చెప్పుల చప్పుడుకు తనే వెనక్కి తిరిగి చూశారు. బొద్దింక కూతపెట్టుకుంటూ వస్తుంటే అంత దూరంలో ఉండగానే కాళ్లు పైకెత్తి కుర్చీలో పెట్టుకున్నారు. ఇన్నాళ్లూ ఇంత గోలలో ఎలా బతుకుతున్నారర్రా అన్నారు. స్పీకరును వానొస్తుందా అని అడిగి, అది చెప్పింది విని, నీ గొంతు బాగుందమ్మా అని మెచ్చుకున్నారు. ఆ చెవి మిషన్లకు ఫోనులో ఒక యాప్ ఉంటుంది, వేలితో జరిపితే గొంతులు పెరుగుతాయి, వెనక గోల తగ్గుతుంది. సాయంత్రానికల్లా దాని లోతుపాతులు నాకంటే ఆయనకే ఎక్కువ తెలిశాయి.

మా ఆయన పని నుంచి వచ్చి, తండ్రి చెవులు చూసి, నన్ను చూసి, "నాకు చెప్పలేదే" అన్నాడు. అలవాటు కొద్దీ గుమాస్తా వైపు వేలెత్తబోయి దించేశాను. జీవితంలో మొదటిసారి ఆ మాట నిజం. అన్నాక తండ్రి పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక, దగ్గు మందు కథే మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. మామయ్య మొదటిసారి విన్నట్టే విన్నారు. నిజానికి వినడం మొదటిసారే.

యూనిఫారాలావిడ మిషను కోసం మామయ్య తనే వాళ్లింటికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను, యాప్‌లో ఏమైనా తేడా వస్తే చూద్దామని పైకి చెప్పి. ఆయన వంగి, కళ్లు మూసుకుని, చక్రం మెల్లగా తిప్పారు. మొహం వెలిగింది. కింద దారం తిరిగే షటిల్ దగ్గర మర ఒకటి వదులైంది, ఇంత మోత చేస్తుంటే ఎలా వదిలేశానమ్మా అన్నారు. ఆవిడ ఆయన చెవుల కేసి చూసి, ఇవెక్కడ దొరుకుతాయి, మా అన్నయ్యకు కూడా కావాలి అని అడిగింది. అంతే. చాటింపూ లేదు, పాడూ లేదు. తిరిగొచ్చేటప్పుడు బట్టల షాపాయనకు గోడౌనుకు వేరే గది చూసుకొమ్మని దారిలోనే చెప్పేశారు.

ఈ సంగతి అత్తయ్యకు తనే చెబుతానని, మామయ్య మమ్మల్ని ఫోనులో నోరెత్తనివ్వలేదు. తొలి జల్లు పడ్డ రోజున ఆవిడ దిగింది. గొడుగు ముడవకముందే మొదలుపెట్టింది. ఈ లైటేమిటి తనంతట తనే వెలుగుతోంది, కాళ్ల కింద ఈ పీడేమిటి, ఇది ఇల్లా, కొట్టా అంటూ వంటింటి దాకా వచ్చింది. ఆవిడ మాట్లాడుతుంటే గుమాస్తా గోడ మీద గుక్కతిప్పుకోకుండా రాస్తోంది. మామయ్య బల్ల దగ్గర తన పాత చోటులో కూర్చుని ఉన్నారు.

"మెల్లగా మాట్లాడు" అన్నారు. "వినబడుతోంది."

అని తల పక్కకు తిప్పి చూపించారు. అత్తయ్య చేతిలో సంచి కింద పెట్టింది.

"వినబడుతోందా?" అని ఎవరో అడిగారు. సన్నటి గొంతు, మెత్తగా ఉంది. ఎవరొచ్చారా అని నేనూ మా ఆయనా గుమ్మం వైపు తిరిగి చూశాం. అక్కడెవరూ లేరు. చిన్నప్పుడు అమ్మ గొంతు ఇలాగే ఉండేది, నేనెప్పుడు మర్చిపోయానో అన్నాడు మా ఆయన నెమ్మదిగా.

ఆవిడకు ఏళ్ల కిందటే తెలుసట. ఆయన చెప్పలేదు, తను అడగలేదు. తర్వాత మంచినీళ్లు తాగుతూ నాతో అంది, ఆయన ఒక్కరితోనే గట్టిగా మాట్లాడితే అందరికీ తెలిసిపోదూ, అందుకని అందరితోనూ అలాగే మాట్లాడాను అని. ఎంత మామూలుగా చెప్పిందంటే, కూరలో ఉప్పెంత వేసిందో చెప్పినట్టుంది. నేను మాత్రం ఆవిడ కొంగు పట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను.

అది తర్వాత. ఆ క్షణంలో అత్తయ్య బల్ల చుట్టూ తిరిగి వచ్చి మామయ్య పక్క కుర్చీలో కూర్చుంది. ఆయన వైపు వంగి ఏదో అంది. రెండడుగుల దూరంలో ఉన్న నాకు వినబడలేదు. ఏమందో చూద్దామని గుమాస్తా వైపు చూశాను. దాని మొహం మీద ఒక్క అక్షరం కూడా పడలేదు.

మామయ్య నవ్వారు, వెంటనే.